పెట్టెల లెక్క

పేరు చెప్పమంది, చెప్పాను.
ఏమని పిలవమంటారు అంది.
నేను తేల్చుకునేలోపే కొమ్మూరీ అని పిలిచేసింది.
నాలుగు తరాల ఇంటిపేరు
ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది.
ఎస్తేరు రాణి బయటే నిలబడిపోయింది.

మెల్‌బోర్న్, లాన్స్‌డేల్ వీధి, ఏడో అంతస్తు.
కిటికీ లేని గది. బల్లమీద రికార్డరు, దాని ఎర్ర కన్ను.
ఆవిడ పేరు గ్వెన్. గొంతు మంచిదే.
ఖాళీ సమయంలో ఏం చేస్తారు?

రాత్రంతా పధ్నాలుగు మంది ముసలివాళ్ళని
ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టి
పొద్దున్నే వచ్చి పిల్లాడి డబ్బా కట్టేదాన్ని,
ఖాళీ అంటే ఏమిటో ముందు నాకెవరైనా చెప్పాలి.

హాబీకి మా ఇంట్లో మాట లేదు.
అభిరుచి ఉంది గానీ
అది పెళ్ళి బయోడేటాలో తప్ప ఎక్కడా కనబడదు.
మా అమ్మ దాన్ని పనీపాటా లేకపోవడం అనేది.
ముదిరితే, పిచ్చి.

సన్‌షైన్‌లో కారు షెడ్డులో కోచింగు చెప్పే జోజప్ప సారు
గార్డెనింగ్ అనమ్మా, అందరూ అదే అంటారు అన్నాడు.
మొక్కలు నాటక్కర్లేదు, వాక్యాలు నాటు చాలు.
మూడు వారాలు
లేని టమాటా మొక్కకి నీళ్ళు పోశాను
రైల్లో, స్నానాలగదిలో,
పన్నెండో గదిలో హాలొరన్ గారిని పక్కకి తిప్పుతూ.
ఆయనకి తన కూతురి పేరు గుర్తుండదు.
టమాటాలు పండాయా అని మాత్రం రోజూ అడిగేవాడు.

మరి నత్తల బెడద ఎలా ఆపుతారు, అంది గ్వెన్.

నత్తలు సారు చెప్పలేదు.

నోరు ఆగింది. రికార్డరు ఆగలేదు.

లెక్కపెడతాను, అన్నాను.
వేటిని?
గూడ్సుబండి పెట్టెల్ని.

ఇక అక్కణ్ణుంచి
మాటకి మాట కొక్కెం తగిలించుకుని కదిలింది.
ఆర్టికల్సు పట్టాల పక్కన రాలిపోతున్నాయి,
భూతకాలం ఇంజనుకి వర్తమానం పెట్టెలు.
అయినా పోనిచ్చాను.

వేటపాలెం దాటాక మా నాన్న గేటుమాను.
గేటు దించి జెండా పట్టుకుని
లెక్కపెట్టవే అనేవాడు.
నేను యాభై ఎనిమిదంటే యాభై తొమ్మిదనేవాడు.
మధ్యలో ఒకటి ఖాళీగా పోయింది, వదిలేశావు.
ఖాళీదైతే మాత్రం పెట్టె కాదా?

ఆఖరి పెట్టె వీపున పెద్ద ఇంటూ గుర్తు.
మా లెక్కల టీచరే పరిగెత్తుకెళ్ళి వేసొచ్చిందని
ఏడేళ్ళదాకా నమ్మాను.

ఇప్పుడు డ్యూటీ దిగి, యూనిఫాం మీదే,
టాటెన్‌హామ్ యార్డు దగ్గర వంతెన మీద నిలబడతాను.
ఇక్కడి బండికి గార్డు పెట్టె లేదు.
చివర చిన్న దీపం మిణుకుమంటుంది, అంతే,
తప్పూ అనదు, ఒప్పూ అనదు.
ఇంగ్లీషులో నాకు కలలు కూడా వచ్చాయి ఒకట్రెండు,
పెట్టెలు మాత్రం ఒకటీ రెండూ మూడూ అనే వెళతాయి.

ఎందుకిష్టం, అంది గ్వెన్.
ఎందుకంటే, అన్నాను.
ఆ మాట వెనక తగిలించడానికి ఏమీ దొరకలేదు.
ఎందుకూ కాదు గనకే అన్నదాన్ని
ఏ టెన్సులో చెప్పాలో నాకు రాదు.

థాంక్యూ అంది.
పెన్సిలుతో ఏదో గీసింది, నాకు కనబడలేదు.
తర్వాతి ప్రశ్న మ్యూజియాల గురించి.

ఆరున్నర వచ్చింది. కావలసింది ఏడు.
సారు తల పట్టుకున్నాడు,
గార్డెనింగ్ అనమన్నానా లేదా!
నవంబరులో మళ్ళీ కట్టాలి ఫీజు.
నత్తల గురించి చదువుతున్నాను.
చాలా ఉంది వాటి గురించి.

ఇవాళ పొద్దున సన్నగా వాన,
బండి నిదానంగా వెళ్ళింది.
అరవై ఏడు.
మధ్యలో ప్యాసింజరు అడ్డొచ్చి ఒకటి సరిగ్గా కనబడలేదు.
అరవై ఎనిమిదేమో.