ఒక్క దెబ్బ

మొదటి ఆల్బం లాలాగూడల,
డెన్జిల్ వాళ్ళ రైల్వే క్వార్టర్ల చేసినం.
తలుపులకు బొంతలు కట్టి, ఫ్యాన్ ఆపి,
బనీన్ల మీద కూసున్నం.
మూడో పాటల నాలుగో నిమిషం కాడ
గూడ్సుబండి ఒకటి పొయ్యింది.
ఎవ్వరం తీసెయ్యలే.
యాభై రెండు డబ్బాలు, ఎలీషా లెక్కవెట్టిండు.
అవ్వి దాటేదాంక ఫిరాసత్
బేస్ మీద ఒకటే తీగ మీటుకుంట నిలవడ్డడు.

బ్యాండ్ పేరు కంకర.
రాక్ అంటే బండనే కద, బండ పగిలితే కంకర,
అని ఎలీషా పెట్టిండు.
అప్పుడు గుట్ట కింద క్రషర్ నడుస్తుండె.
మా పాటల్ల దుమ్ము ఉండాలె అనుకున్నం.
ఉండె కూడ.
మూడు వందల సీడీలు కొట్టిస్తే
నూటా తొంభై ఇంకా నా మంచం కిందనే ఉన్నయి.

రెండోది జూబ్లీహిల్స్‌ల.
చెప్పులు బయట విడిచి
చెవులల్ల దూది పెట్టినట్టుండే గదిలకు పోయినం.
సుధన్వ సారు మంచోడే, ఇది చెప్పకపోతే అబద్ధమైతది.
చాయ్ తెప్పించిండు, అందరి పేర్లు యాదుంచుకున్నడు,
పదకొండు నిమిషాల పాట కండ్లు మూసుకొని మొత్తం ఇన్నడు.
ఇని, మెల్లగ అడిగిండు:
"ఇందులో జనం చప్పట్లు ఎక్కడ కొట్టాలి?"

మేం ఒకల మొకం ఒకలం చూసుకున్నం.

పదకొండు నిమిషాలు రెండు నిమిషాల నలభై సెకన్లయినయి.
మూసీ ఒడ్డు చరణం పోయింది,
అండ్ల బట్టలుతికే ఆమె పోయింది, ఆమె తిట్టు పోయింది.
"ఓ పిల్లా" అని ఒకటొచ్చి చేరింది,
ఎవల పిల్లనో, ఏ బస్తీ పిల్లనో.
మెహజబీన్ గొంతుల జీరను
మౌస్ తోటి ఒక పోరడు తుడిచిండు,
అద్దం మీది ఆవిరి తుడిచినట్టు.
ఆమె ఇని, "ఇంత మంచిగున్ననా" అన్నది.
నిజంగనే మంచిగుండె.

నా వంతొచ్చింది.
డప్పు కాచుకోవాలె, మంట ఏడ పెట్టాలె అన్న.
పొగొస్తే పైకెల్లి నీళ్ళు పడతయన్నరు,
హెయిర్ డ్రయర్ ఇచ్చిండ్రు.
కట్టెమంట ఎరిగిన తోలు
ఆ గాలికి సిగ్గుపడ్డట్టు బిగిసింది.
"ఒక్క దెబ్బ కొట్టన్నా."
కొట్టిన.
"చాలు."
చాలా?
"మిగతాయి మేం పెట్టుకుంటం."

డప్పు దెబ్బ దెబ్బకు సల్లారుతది.
పాట సగానికొచ్చేసరికి గొంతు దించుతది,
మళ్ళ మంట కాడికి తీస్కపోవాలె,
పసిదాన్ని పొద్దుటెండకు పట్టినట్టు.
ఈ ఆల్బంల నేను సల్లార.
తొమ్మిది పాటలు, అదే దెబ్బ,
అదే హెయిర్ డ్రయర్ వేడి.

పైసలొచ్చినయి, దాచుడెందుకు.
వ్యాన్ కిస్తీలు తీరినయి,
డెన్జిల్ ముందటి పన్ను కట్టించుకున్నడు.
ఉప్పల్ షేరింగ్ ఆటోల, మాల్ లిఫ్టుల,
రామంతాపూర్ల ఎవలదో బరాత్‌ల
నన్ను నేను ఇన్న.
ఆ బరాత్‌ల ఎగిరిన కూడ, ఎందుకెగర?
ఎగురుతుంటే తెల్వకుంటనే
కాలు సగం అడుగు ఎనుకకు పడ్డది,
దెబ్బ సల్లారేకాడ ఆగుదామని.
దెబ్బ ఆగలే.

మొన్న వాన. మెట్టుగూడ మెట్రో పిల్లర్ కింద
పెండ్లి బ్యాండోళ్ళు అట్టపెట్టెలు కాలవెట్టి
డప్పులు కాస్తున్నరు.
ఉండబట్టలేక అడిగిన. ఒకటిచ్చిండ్రు.
వేలితోటి తట్టిన, ఇంకింత కాచిన, మళ్ళ తట్టిన.
కొట్టిన.
పదహారేండ్ల పోరడు, చెవులకు వైర్లున్నోడు,
ఒకటి తీసి ఇన్నడు.
"మంచిగనే కొడ్తున్నవ్ కాకా,
గని ఆ కంకరోళ్ళ పాటల ఉన్నట్టు లేదు.
ఒక్కపారి ఇను" అని
వైరు నా చెవుల పెట్టిండు.

నిలవడి ఇన్న.
మంటల అట్ట ఒకటి ముడుసుకుంట కాలుతున్నది.
"నేర్సుకుంటవా?" అన్నడు.
పైన మెట్రో పోతున్నది. మూడే డబ్బాలు.
"చూపియ్" అన్న.