గురివింద తూకం

వలంధర రేవు నుంచి పైకొచ్చే సందులో
మా కొట్టుకి రెండు తలుపులు.
ఒకటి వీధిలోకి, ఒకటి దేవుడి గదిలోకి.
ఆ రెంటి మధ్య నా కుంపటి.

తెల్లారుతూనే నీళ్లు పోసుకుని
కామాక్షమ్మ పేరు చెప్పి బొగ్గు రాజేస్తాను.
పుస్తెలు చేసే రోజు
పని ముగిసేదాకా పచ్చిగంగ కూడా ముట్టను.
మా నాన్న ముట్టలేదు, వాళ్ల నాన్నా ముట్టలేదు.
గొలుసులూ ఉంగరాలూ అంటే అవి సరుకు.
పుస్తె సరుకు కాదు.
చెబితే ఎవరికీ ఎక్కదు,
చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

మాఘమాసం, మధ్యాహ్నం.
దేవకృపమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.
లేసు అమ్మి కూడబెట్టిన డబ్బు
జేబురుమాల్లో ముడి.
"షారోనుకి పెళ్లండి ఆచారిగారూ.
రెండు పుస్తెలు కావాలి,
ఒక్కోదాని మీద చిన్న శిలువ.
మీ చేతిపని తరాలు నిలుస్తాదంటారు కదండీ."

"ఈ కుంపట్లో అది కాదమ్మా,
భీమవరంలో మిషను మీద చేస్తారు,
నున్నగా వస్తాయి" అన్నాను.
నా గొంతు ఎవరిదో అనిపించింది.

ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.
కాసేపు త్రాసు కేసి చూసి అడిగింది:
"శిలువ లేకుండా వట్టివి చెయ్యమంటే
చేస్తారాండి?"

అవునందామని నోరు తెరిచాను.
గల్లా పక్కన ఇత్తడి పళ్లెం కనపడింది.
నాన్న కాలం నాటిది.
పేటవాళ్లు డబ్బు అందులో పెడతారు.
కరణంగారి కోడలు నా చేతిలోనే పెడుతుంది.
ఇలా అని ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు.
షారోను అప్పటికే ఆ పళ్లేన్నే చూస్తోంది.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.
వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు.

నేను కాదన్నది శిలువనా, మనిషినా?
కామాక్షమ్మ నాతో పళ్లెం పెట్టమని
ఎప్పుడు చెప్పింది?

లోపల మాణిక్యాంబ అంతా విన్నది.
పెద్ద షోరూములొచ్చి నా పని పలచబడ్డాక
పన్నెండేళ్లుగా దేవకృపమ్మ తెచ్చే దారంతోనే
మా పొయ్యి మండుతోంది.
ఏ ఇంట్లో ఏ దేవుడున్నాడో చూసి
ఆమె దారం ఇవ్వలేదు.
పోయినేడు చర్చి బల్ల మీద పరిచే గుడ్డ అల్లింది మా ఆవిడ,
నడిమధ్య శిలువతో,
లలితా సహస్రం పెదాల మీదే నడుస్తుండగా.
"ఎక్కడ పరుస్తారన్నది వాళ్ల భక్తి.
ముడి జారకపోవడం నా భక్తి" అంది అప్పుడు.

"నీది దారం. నాది నిప్పు" అన్నాను.
కొక్కెం ఆపకుండానే అంది,
"నిప్పుకి అంటు లేదని మీరేగా చెబుతారు."

ప్లీడరు గుమాస్తా సత్తిరాజుని కదిపితే
వక్క నములుతూ తేల్చేశాడు:
"నీ మనసులోకి చట్టం రాదు ఆచారీ,
కొట్లోకి వస్తుంది."
మరి కుంపటి ఎందులో ఉన్నట్టు? అంటే
నవ్వి, ఉమ్మి, గొడుగు తీసుకుని పోయాడు.

రాత్రి పాత పెట్టె తీశాను.
నాన్న తూచిన గురివింద గింజలు
ఇంకా ఎర్రగానే ఉన్నాయి.
తన కింది నలుపు తానెరగదంటారు దీన్ని.
ఎరిగినా ఎరగకపోయినా
త్రాసులో పడ్డాక
ఆ నలుపూ కలిసే తూగుతుంది.

పళ్లేన్ని తీసి
బొగ్గు నుసి ఎత్తడానికి పడేశాను.
అంతవరకే తేలింది.
శిలువ సంగతి తేలలేదు.
దాని మీద సుత్తి వెయ్యమంటే
ఇప్పటికీ నా చెయ్యి లేవదు.
అది భక్తో, అలవాటో
గీటురాయి మీద గీసి చూసుకునే లోహం కాదు.

రేపు సోమవారం.
దారం కండెలు పట్టుకుని ఆమె వస్తుంది,
వీధి తలుపు నుంచే.
నేనే అందుకోవాలి, మాణిక్యాంబకి జ్వరం.
రెండు చేతులూ దీపం దగ్గర పెట్టి
ఇప్పట్నుంచే చూసుకుంటున్నాను.