పేజీకి రెండు రూపాయలు

నాంపల్లి మెట్రో పిల్లర్ నీడ
పదకొండింటికి నా గల్లాపెట్టె మీదికొస్తది,
రెండింటికి పోతది.
ఆ నీడల నిలవడ్డడు బీచుపల్లి.
చంకల యూరియా సంచి,
సంచిల నూట ఎనభయ్యారు కాయితాలు.

"సమాచార హక్కు కింద ఇచ్చిండ్రు సారూ,
పేజీకి రెండు రూపాయలు కట్టిచ్చుకొని.
నేనడిగింది ఒక్కటే ముచ్చట:
మా ఊళ్లె పెట్టుబడి సాయం ఎవలెవలకు పడ్డది?
తొమ్మిది నెలలు మోసిండ్రు,
ఆఖరికి కన్నరు."
నవ్విండు. పంటి మీద తంబాకు గీత.

మూడు సెట్లు గావాలె.
ఒకటి పంచాయతీ గోడకు,
ఒకటి కలెక్టరాఫీసుకు,
ఒకటి ఇంట్ల చెదలకు.

మిషన్ మూత లేపుతున్న, పెడుతున్న, తీస్తున్న.
ఆకుపచ్చ వెలుగు పేర్ల మీదికెళ్లి పారుతాంది.
ఈ పారకానికి ఎగువ దిగువ లేదు,
ఏ పేరుకూ మడవ కట్టది.

సర్వే నంబరు రెండొందల పద్నాలుగు. గుట్ట.
ఎనిమిదెకరాల సాయం.
రాయి ఏం పండిచ్చిందో
రాయలేదు.

సర్వే నంబరు తొంభై. ఫంక్షన్ హాలు.
దానికి నిజంగనే రెండు పంటలు:
మాఘంల ఒకటి, శ్రావణంల ఒకటి.

నూట పదిహేడు కాడ ఆయన గోరు ఆగింది.
గోట్ల ఇంకా మన్నున్నది.
"పట్టాదారు మణికొండల నాలుగో అంతస్తుల ఉంటడు.
పన్నెండేండ్ల సంది దున్నేది నేను.
నా పేరు ఏ పేజీల ఉన్నదో జర సూడు."
సూసిన. సూసినట్టు చేసిన.
"ఉండది తియ్యి," అన్నడాయనే,
"కౌలంటే నోటిమాట గదా,
నోటిమాటకు జిరాక్స్ ఎక్కడిది?"

ఆఖరి పదకొండు పేజీలు మొత్తం నల్లగ పూసిండ్రు.
పేర్లు లేవు, ఊర్లు లేవు,
మూలకు ఆఫీసు ముద్ర మాత్రం తెల్లగ.
ఇరవయ్యేండ్ల అనుభవంతోని చెప్తున్న,
నల్ల పేజీలే టోనర్ ఎక్కువ తాగుతయి.
దాసుడంత ఖర్చు
చూపిచ్చుడుకు కాదు.

టోనర్ మారుస్తుంటే ఫోన్ల టింగుమన్నది.
కొత్తూరు దిక్కు నాకెకరంనర ఉన్నది.
ఉన్నదంటే, పాసుబుక్కుల ఉన్నది.
ఎనిమిదేండ్ల కింద ప్లాట్లయి
తెల్లరాళ్లు మొలిచినయి, మేకలు కూడ మెయ్యవు.
అయినా ఏడాదికి రెండుసార్లు ఈ టింగు.
ఒకపారి ఫ్రిజ్ కొన్న. ఒకపారి బిడ్డ ట్యూషన్ ఫీజు.
ఎవలడుగుతరు, అడగలె.
నేను చెప్పొద్దా, చెప్పలె.
ఈయన సంచిల నా ఊరు లేదు.
గంతే ఫరక్.

ఐదొందల యాభై ఎనిమిది కాపీలు.
ఆయన తగ్గియ్యమనలె,
నేను తగ్గియ్యలె.
చిల్లర నోట్లు రెండుసార్లు లెక్కవెట్టి
సంచి మూతికి దారం కట్టుకొని
ఆటోల నడుమకెళ్లి ఆఫ్జల్‌గంజ్ దిక్కు పోయిండు,
పెద్ద బస్‌స్టాండుకు.

నీడ పోయింది. గిరాకీ లేదు.
సొరుగుల నుంచి నా పాసుబుక్కు తీసి
అద్దం మీద బోర్లేసి
బటన్ ఒత్తిన.
వేడివేడి కాయితం వచ్చింది.
ఎవలకియ్యాలె?

రాత్రి షట్టర్ దించంగ రిజిష్టర్ల రాసుకున్న:
అమ్మకం, ఐదొందల యాభై ఎనిమిది.
వేస్టు, ఒకటి.