గొ…

ట్కిబులి ఎత్తురోడ్డు, మూడో మలుపు.
సరిగ్గా అక్కడే నా జిగులీ
కాలు నొక్కితే క్షణం పాటు ఊపిరి బిగపట్టేది.
ఆగిపోదు. పోనూ పోదు.
చెప్పబోయి నాలిక కరుచుకున్నట్టు
ఒక్క కుదుపు, ఆ తర్వాత ఉరుకు.
వెనక సీట్లో జున్ను బిళ్ళల బుట్టలు
ఒకదాన్నొకటి గుద్దుకునేవి.

నలభై ఏళ్ళ బండి. దాని రోగాలన్నీ నాకు కంఠతా:
హారన్ కొడితే వైపర్ ఆడుతుంది,
ఆగస్టులో హీటర్ ఆగదు,
ఎడమ వెనకద్దం లోపలికి జారితే
గరిటె దూర్చి పైకి లాగాలి.
పెట్రోలు ముల్లు నేను కొన్ననాటి నుంచీ సగం దగ్గరే.
వాటన్నిటితో కాపురం చేశాను.
ఈ తడబాటుతోనే చేతకాలేదు.

ముర్తాజ్ షెడ్డు రైలుపట్టాల అవతల,
అక్రోటు చెట్టు కింద.
మాట గొంతులోనే చిక్కుకునే మనిషి.
ఊళ్ళో అందరం అతని మాటలు
మేమే పూర్తిచేసి పుణ్యం కట్టుకుంటాం.
టీ కొట్టులో "చ…" అంటే చాలు,
ఇంకో చెంచా చక్కెర పడుతుంది.
చల్లారిందని చెప్పబోయాడేమో, ఎవరడిగారు?

బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు విప్పి
అరచేతిలో వరసగా పెట్టుకున్నాడు.
మొనలు సున్నం కొట్టినట్టు తెల్లగా.
గాలి గట్టిగా పీల్చి చూపించాడు: ఇది ఎక్కువవుతోంది.
తర్వాత నోరు తెరిచాడు.
"గొ… గొ…"
"గొలుసా!" అన్నాను
వెనక ఎవరో తరుముతున్నట్టు.
టైమింగ్ గొలుసు సాగిందంటావు, అంతేగా,
మా మరిదీ అదే అన్నాడు.
ముర్తాజ్ చెయ్యెత్తాడు. నేను తాళం తిప్పేశాను.

కుతాయిసిలో గొలుసు మార్పించాను.
రెండు వారాల జున్ను డబ్బు.
కుట్టుమిషన్‌లా పాడింది కొత్త గొలుసు.
మూడో మలుపు. ఊపిరి బిగపట్టింది బండి.
కార్బురేటర్ కడిగించాను, పాయింట్లు గీకించాను,
కాయిల్ మార్చమన్నవాడి మాటా విన్నాను.
మూడో మలుపు.

అక్టోబరులో, వాన వెలిసిన పూట,
సిగ్గు మింగి మళ్ళీ పట్టాలు దాటాను.
అతనేమీ అడగలేదు.
ఇంజన్ నడుస్తుండగానే సిగరెట్టు ముట్టించి
దాని మీదికి మెల్లగా పొగ వదిలాడు.
అది దగ్గితే ఆగాడు, గొణిగితే చెవి వంచాడు.
ఒక్కసారి కూడా దాని మాట
దాని నోట్లోంచి లాక్కోలేదు.
లివర్ కొద్దిగా తోశాడు. ఇంజన్ పక్కకి ఒరిగింది.
నిటారుగా లేస్తున్న పొగ మెడ తిప్పి,
సూదిలోకి దారంలా,
బ్రేకు బూస్టరుకు పోయే నల్ల రబ్బరు మడతలోకి
సర్రున దూరిపోయింది.
వెంట్రుకంత చీలిక.
బరువు మోస్తూ ఇంజన్ ఒరిగితేనే నోరు విప్పేది.

"గొ…" అన్నాడు.
నేను పళ్ళు బిగించాను.
అక్రోటుకాయ ఒకటి రేకు మీద రాలింది,
దొర్లింది, కింద పడింది.
గూడ్సు బండి చివరి పెట్టె దాకా వెళ్ళిపోయింది.
"…ట్టం."

జానెడు గొట్టం. రెండు క్లిప్పులు.
ఖరీదు చెబితే మీరు నవ్వుతారు, నాకు నవ్వు రాలేదు.
డబ్బు వద్దన్నాడు. ఒక జున్ను బిళ్ళ తీసుకున్నాడు,
అదీ నాలుగు వాసన చూసి, చిన్నది.

గేరు వేస్తుంటే కిటికీ పట్టుకున్నాడు.
"పె… పె…"
నాలిక మీదికి ఎన్ని మాటలు తోసుకొచ్చాయో!
పెద్ద బిళ్ళ కావాలా? పెళ్ళి కబురా?
పెచ్చులూడిన రంగు సంగతా?
అన్నీ మింగాను. మింగే తొందరలో
మోచెయ్యి హారన్‌కి తగిలి
పొడి అద్దం మీద వైపర్ రెండుసార్లు ఊగింది.
ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.
"పెట్రోలు," అన్నాడు చివరికి,
సగం దగ్గర నిలిచిన ముల్లుని గోటితో కొట్టి,
"లేదు."