వానొచ్చేలా ఉంది

ఆటోనగర్‌లో పగలు పదింటికి బారు
రాత్రి ఏమీ జరగనట్టు ఫినాయిల్ వాసనేస్తుంది.
టేబుళ్ళ మీద కుర్చీలు కాళ్ళు పైకెత్తుకుని పడుకుంటాయి.
కొత్తగా చేరిన నలుగురు కుర్రాళ్ళు గోడకి ఆని నిలబడ్డారు.
ఓనరు ఇచ్చిన అచ్చుకాగితం నా చేతిలో ఉంది.
'అతిథితో మర్యాదగా మాట్లాడవలెను' అని మొదటి వాక్యం.
మడిచి, ఊగే టేబులు కాలు కింద పెట్టాను.
కనీసం ఆ పనికి వచ్చింది.

ఇరవై రెండేళ్ళు పోశాను నేను,
షేక్ బాజీ, గొంతులోకి చుక్క దిగనివాణ్ణి.
వినండ్రా.
చాలు అనొద్దు ఎవడితోనూ.
ఆ మాట ఇంట్లో విని విని వచ్చినవాడే ఇక్కడ కూర్చునేది.
గ్లాసులు కాదు, మాటలు లెక్కపెట్టండి.
గేరుబాక్సు విప్పిన కథే మూడోసారి మొదలెట్టాడంటే
సోడా ముందుకి, సీసా వెనక్కి.
ఆకలి లేదంటాడు, అయినా పెరుగన్నం పెట్టండి.
వెనకనుంచి భుజం తట్టొద్దు,
ఏ పాత పగవాడనుకుని తిరగబడతాడో మనకి తెలీదు.
బల్లమీద తల వాల్చినవాణ్ణి నిద్రపోయాడని వదిలేయొద్దు,
పక్కకి తిప్పి పడుకోబెట్టి
ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడండి.
ఇక బండి తాళం...

అక్కడ నా గొంతు ఆగింది.
ఒక రాత్రి నేను తిరిగిచ్చేసిన తాళం ఒకటుంది.
రామవరప్పాడు రింగు దాకా వెళ్ళింది ఆ బండి.
కుర్రాళ్ళకి అది చెప్పలేదు.
"సరే, నేను తాగినోణ్ణి. ఒక్కొక్కడూ రండి" అన్నాను.

కుర్చీ దింపుకుని కూలబడ్డాను.
లుంగీ కాదు, ప్యాంటే, అయినా జారుతున్నట్టు పట్టుకున్నాను.
ఇన్నేళ్ళు చూశాను కదా, నాలుక మందం దానంతటదే వచ్చింది.
మొదటివాడు నవ్వాడు.
రెండోవాడు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు,
"ఏంట్రా గుడ్లురుముతున్నావ్" అని వాడి చొక్కా పట్టుకున్నాను.
మూడోవాడు బౌన్సర్ని కేకేశాడు.
పగలు పదింటికి ఏ బౌన్సరుంటాడు!

నాలుగోవాడు ఏలియా. ఇబ్రహీంపట్నం.
ఎదురుగా రాలేదు. పక్కకొచ్చి
గొంతుక్కూర్చున్నాడు, నా కళ్ళకంటే కిందగా.
నేను తిట్టాను. వాడి అమ్మని కూడా అన్నాను.
"అవును సార్" అన్నాడు, తిట్టుకి కాదు, నాకు.
గ్లాసుని చూడకుండానే, మాటకో వేలెడు చొప్పున
నా చేతికందని దూరానికి జరిపాడు.
ఆ తర్వాత గుమ్మం వైపు ఓసారి చూసి, తగ్గు గొంతుతో
"సార్, వానొచ్చేలా ఉంది.
సీటు తడిసిపోద్ది. బండి లోపల పెట్టనా?"

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది.
తాళం తీసి నేనే ఇచ్చాను.
నటిస్తున్నానన్న సంగతి ఇచ్చాక గుర్తొచ్చింది.

"ఎక్కడ పనిచేశావురా ఇంతకుముందు?"
"ఎక్కడా లేదన్నా.
నాన్న బూడిద లారీ తోలేవాడు."
తాళాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.
"ఎండాకాలం కూడా
మా ఇంటి దగ్గర రోజూ వానొచ్చేలానే ఉండేది."

మిగతా ముగ్గురూ నేల చూశారు.
ఏం చెప్పను? పాఠం అయిపోయిందన్నాను.
కుర్చీలు దింపండి, శనగలు ఉడకబెట్టండి,
ఆటో మస్తాన్‌కి ఫోన్ చేసి పదిన్నరకే రమ్మనండి.

రోహిణి కార్తె. రాత్రయినా గోడలు సెగ కక్కుతున్నాయి.
ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు.
పదకొండవుతుండగా నాలుగో టేబుల్ దగ్గర
టర్నరొకడు లేచి, పడబోయి, జేబు తడుముకున్నాడు.
ఏలియా గొంతుక్కూర్చుని ఏదో అన్నాడు.
కౌంటర్ వెనక మేకుకి
ఇంకో తాళం తగులుకున్న చప్పుడు.

నేను షట్టర్ దాకా వెళ్ళి
తల బయటపెట్టి, పైకి చూశాను.