కొండమీది కుళాయి

సూరాడ నూకరత్నం, నాలుగేళ్ళు, ఆడ.
ఎడమ మూత్రపిండం.
మైనం దిమ్మ మీద నంబరు వేసింది నేనే.
ఐసు పలక మీద చల్లబరిచి
మూడు మైక్రాన్ల మందాన కోస్తే
రిబ్బనులా లేచి వచ్చింది.
జుట్టుంటే ఆ పిల్ల జడకి సరిపోను.

గోరువెచ్చని నీళ్ళమీద తేలుతుంటే
గాజు పలకతో కిందనుంచి ఎత్తుకున్నాను.
హార్బరులో వాళ్ళ నాన్న వలలోంచి చేపని తీసినట్టే,
మొప్ప చిరగకుండా.

తర్వాత రంగు.
కణం గోడమీద రిసెప్టర్ ఉన్నచోటల్లా
గోధుమరంగు పడుతుంది.
గోడ చెవి ఒగ్గి కూర్చునే చోటు అది.
"పెరుగు" అన్న ఒక్క మాట తగిలితే చాలు
లోపల పొయ్యిలన్నీ అంటుకుంటాయి.

తల్లి కడుపులో తొలి వారాల్లో
ఈ మాటే ఆ పిల్ల గుండెకి దారులు వేసింది.
గడ్డ కొత్త భాషేమీ నేర్వలేదు,
ఉన్న మాటనే ఆపకుండా అంటోంది.
ఊపిరి చాలనప్పుడల్లా
పక్కనున్న రక్తనాళాన్ని పిలుస్తుంది.
నాళం వింటుంది.
ఒక మొలక అటు తల తిప్పుతుంది,
ఆ మొలకకి ఇంకో మొలక.
మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాను:
ఒక్క చూపుమేరలో నలభై ఏడు.
వంకరటింకరవి, గోడలు కారేవి,
కొన్ని ఎక్కడికీ పోకుండా తమలోకే తిరిగొచ్చినవి.

నాకీ పటం తెలుసు.

కంచరపాలెం వెనక కొండవాలులో పుట్టాను నేను.
కార్పొరేషను నీళ్ళు మా మెట్లెక్కని రోజుల్లో
మా అమ్మా, సత్తెమ్మ పిన్నీ, మేస్త్రీ దాలినాయుడూ
అమావాస్య రాత్రి కింది వీధి గొట్టానికి కన్నం పెట్టారు.
సైకిలు ట్యూబు ముక్క, జనపనార, లప్పం ముద్ద.
అక్కణ్ణించి బండల సందుల్లోంచి పైకి, ఇంకా పైకి,
ఒక గొట్టం నాలుగై, నాలుగు నలభై అయ్యి
సగం నీళ్ళు దారిలోనే కారిపోయేవి.
కింది వీధివాళ్ళ ధార సన్నబడింది.
మేం బతికాం.
అందుకే ఈ గడ్డని తిట్టబోతే
నోరు సగంలో ఆగిపోతుంది.

కానీ ఇక్కడ
కింది వీధి పేరు నూకరత్నం.

ఆ చెవులు మూసే మందుందిట.
పిలుపు పిలుపుగానే మిగిలిపోతుందిట,
మొలకలు ఎండుతాయిట.
"పెద్దవాళ్ళకైతే ఇంత ఆలోచించేదాన్ని కాదు,"
అన్నారు డాక్టర్ హైమవతి గారు, కళ్ళజోడు తుడుస్తూ.
"మోకాలి దగ్గర ఎముక చివర
ఇంకా అదే మాట వింటోంది కదమ్మా ఈ పిల్లకి."
మళ్ళీ కళ్ళజోడు పెట్టుకోలేదు చాలాసేపు.

మధ్యాహ్నం కిటికీ దగ్గర పోలయ్య.
చొక్కాకి ఉప్పు చారలు, చెవి మీద వల సూది.
"ఏటమ్మా, ఆ అద్దంలో ఏటగుపించింది?"
డాక్టరుగారు చెప్తారన్నాను. రూలు అది.
ఆయన వెళ్ళలేదు.
"మా గుంట పెరుగన్నం అడుగుతంది.
ఎట్టొచ్చా?"

పెరుగు.

డాక్టరమ్మనో మాట అడిగి పెట్టండి అందామనుకున్నాను.
ఆ మూడక్షరాలు నా నోట్లో
రెండు మాటలుగా చీలి
ఏది ముందు మింగాలో తెలీలేదు.

మెట్లమీద ఆ పిల్ల తుమ్మింది.
నూరేళ్ళు, అంది ముసలావిడెవరో,
తలైనా ఎత్తకుండా, ఉల్లిపాయ ఒలుస్తూ.

రాత్రి ఇంటికొచ్చేసరికి
గ్లవ్సు చిరిగినచోట వేలిమీద గోధుమరంగు మచ్చ.
సబ్బుకి పోలేదు.
ఇప్పుడు మాకు మీటరుంది, బిల్లుంది,
ధారగా వస్తాయి నీళ్ళు.
అయినా కుళాయి సన్నగా తిప్పి
నిలబడ్డాను,
కింద ఎక్కడో ఒక బిందె
నిండుతున్న చప్పుడు కోసం.