ఖాళీ గడి

జిల్లా క్రీడల ఆఫీసు ఎన్క అర్రల
పదిహేడు రిజిస్టర్లు.
కొన్నింటిని నాకంటే ముందే చెదలు చదివేసినయి.
"డెబ్బై నాలుగు సంది ఉన్నయి,
ఎట్లన్న చేసి తెర మీద ఆడేటట్టు చెయ్యి" అన్నడు ఆఫీసరు.
పదో తారీఖు కలెక్టరమ్మ వస్తదట, పాలమూరు ఘనత చూస్తదట.
నా కాంట్రాక్టు ఇంకా రెండు నెలలున్నది.

మొయిజుద్దీన్ సారు చేతిరాత
వాన ముందటి చీమల బారు.
పేరు, బడి, పందెం, టైము.
బూట్లు: లేవు.
బూట్లు: లేవు.
బూట్లు: లేవు.
ఒక్క కాడ మాత్రం, "వాళ్ల అన్నవి, వదులు."
దాన్ని ఏ రకం కింద వెయ్యాలె?
అంకెనా, అక్షరమా, అవునా, కాదా?

మొదలు పేర్లు సాఫు చేసిన.
కుర్మమ్మ, కురుమమ్మ, కూర్మమ్మ, కె. కుర్మామ్మ.
నలుగురు పిల్లలనుకున్నది మిషను.
బడి ఒక్కటే, కొత్తకోట. తండ్రి ఒక్కడే, బుగ్గప్ప.
నలుగురిని ఒక్కతిని చేసిన రాత్రి
చెల్లాచెదురు చుక్కలు చేతులు పట్టుకొని
ఒక గీతయినయి.
ఎనిమిది వందల మీటర్లు:
ఎనభై నాలుగుల మూడు నిమిషాల రెండు సెకన్లు,
ఎనభై అయిదుల రెండు నలభై ఎనిమిది,
ఎనభై ఆరుల రెండు ముప్పై ఒకటి.
గీత దిగుతుంటే మనిషి ఎక్కుతున్నట్టు.
లోకంల ఈ ఒక్క లెక్కనే ఇట్ల ఉంటదేమో.

ఎనభై ఏడు ఖాళీ.

మిషను అడిగింది:
సున్నా పెట్టనా, సగటు పెట్టనా, వరుసే తీసెయ్యనా?
సున్నా పెడితే
రెప్ప కొట్టకముందే పందెం గెలిచినట్టయితది.
సగటు పెడితే
ఎవరి కాళ్లో తెచ్చి ఆమెకు అతికించినట్టు.
తీసేసుడంటరా,
అది మనకు కొత్తగాదు.

రిజిస్టరు వెలుగుకు వంచి చూస్తే
అంచున పెన్సిలుతోని సన్నగ:
"గైర్‌హాజరు. భీవండి బస్సు."
ఇంకో పేజీల "గైర్‌హాజరు. కాలువ మట్టిపని."
"గైర్‌హాజరు. లగ్గం."
"గైర్‌హాజరు. అడిగిన, చెప్పలేదు."
మూడు వందల పన్నెండు ఉన్నయి, రెండుసార్లు లెక్కవెట్టిన.

వాటికి నిండు చుక్క పెట్టలేదు.
నడుమ బోలుగ ఒక గుండ్రం గీసిన,
వేలు తగిలితే సారు పెన్సిలు మాట తేలేటట్టు.
కింద సంవత్సరాల మీట.
దాన్ని ఎడమ నుంచి కుడికి ఈడిస్తే
చుక్కలు పుడుతయి, ఉరుకుతయి,
కరువు సాలు రాంగనే బోలువడిపోతయి,
పిట్టలు వాలి లేచిన జొన్నకంకి లెక్క.

నిన్న అటెండరు జంగయ్య కుర్మమ్మను తోలుకొచ్చిండు.
వనపర్తి రోడ్డు హాస్టల్ల వంట చేస్తదట.
మౌసు ముట్టలేదు. నేరుగ తెర మీదనే వేలు పెట్టింది.
పసుపు మరక.
"గింత చిన్నగున్ననా నేను?"
పెద్దగ చేసి చూపిన.
రెండు ముప్పై ఒకటి కాడ ఆగి నవ్వింది.
"ఆ దినం సారు గడియారం నడుమల ఆగిపోయింది బిడ్డా.
అందాజ రాసిండు.
నేను ఇంకా జల్దిగనే ఉరికిన."

నా గీత మొత్తం ఆ అంకె మీదనే నిలవడ్డది.
అడుగుదామంటే సారు లేడు.

ఆమె అప్పటికే ఇంకెవరినో వెతుకుతున్నది.
"అడ్డాకుల పిల్ల, ఎర్ర రిబ్బన్ల తాయమ్మ, అదేది?"
"మొదటి ముగ్గురినే రాసిండ్రమ్మా."
"అది నాలుగోది.
నన్ను ఉరికించిందే అది.
ఎన్కనుంచి దాని ఊపిరి నా మెడకు తగులుతుండె."

కొత్త వరుస తెరిచిన.
పేరు: తాయమ్మ. ఊరు: అడ్డాకుల.
టైము గడిల కర్సరు
ఆరుతున్నది, వెలుగుతున్నది, ఆరుతున్నది.
కుర్మమ్మ నా భుజం మీదికి వంగింది.
"అది తర్వాత చూస్తువు గని,
ముందుగాల బూట్లు రాయి.
లేవు అని రాయి."